ఉష్ణతీర్థములు - ఆ వేడి ఎక్కడిది?



కార్తికమాసము వచ్చినదనగానే పుల్లలచెరువు మొదలు గిద్దలూరు వరకు గల మన పల్లెలనుండి మహానందికి బయలుదేరువారు అనేకులు. త్రిపురాంతకమున బాలాత్రిపురసుందరీదేవిని సేవించి, మార్కాపురమున చెన్నకేశవస్వామిని దర్శించి, కంభము, గిద్దలూరు దాటి నల్లమల కనుమ ఎక్కుదురు. రైలుబండిలో పోవువారికి దిగువమెట్ట, చెలమ, గాజులపల్లె స్టేషనులు వరుసగా వచ్చును. కొండకు ఆవలిప్రక్క దిగినంతనే అరటితోటల నడుమ మహానందీశ్వరుని ఆలయశిఖరము కనబడును. తెల్లవారుజామున చలి ఎముకలు కొరుకుచుండగా గుండములోనికి కాలుపెట్టినవారు “అబ్బ, ఎంత వెచ్చగా ఉన్నది!” అందురు. వారే వైశాఖమున మిట్టమధ్యాహ్నము వచ్చినచో “ఎంత చల్లగా ఉన్నది!” అందురు. ఇంటికి వచ్చి, స్వామి చలికాలమున నీటిని కాచి, ఎండకాలమున చల్లార్చి మనకు ఇచ్చునని పిల్లలకు చెప్పుదురు. మేమును అనేక పర్యాయములు వేదికలపై అట్లే చెప్పితిమి.

ఒకమారు పుల్లలచెరువులో ప్రవచనము ముగిసి హారతి ఇచ్చుచుండగా, బడికి పోవు ఒక చిన్నపిల్ల మా వద్దకు వచ్చి, “తాతగారూ, నీళ్ళు కాచే పొయ్యి ఎక్కడుంది?” అని అడిగినది. పెద్దలు ఆ పిల్లను గద్దించిరి. అది గద్దించవలసిన ప్రశ్న కాదు. ఆ రోజు సమాధానము చెప్పలేకపోతిమి. ఈ వ్యాసము ఆ పిల్లకు మేము పడిన బాకీ. మరియొకరికి పడిన బాకీ కూడ ఇందులోనే ఉన్నది. దానిని చివర చెప్పెదము.

ముందుగా మహానంది సంగతి. అక్కడ రుద్రగుండము, బ్రహ్మగుండము, విష్ణుగుండము అని మూడు గుండములు కలవు. గర్భాలయమున లింగమూలమునుండి పుట్టు జలము వీటిలోనికి వచ్చి, బయటికి పోయి, చుట్టుప్రక్కల పొలములను తడుపుచున్నది. గుండమునందు మనిషి మునుగునంత నీరున్నను అడుగున పడిన నాణెము స్పష్టముగా కనబడును. ఈ నీరు ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకే వేడిలో ఉండును. మారునది బయటి గాలి. పుష్యమాసపు తెల్లవారుజామున గాలి 18 డిగ్రీలకు దిగినప్పుడు మన ఒంటికి ఆ నీరు వెచ్చగా తోచును. నంద్యాల ప్రాంతమున గాలి 42 డిగ్రీలకు చేరిన మధ్యాహ్నమున అదే నీరు చల్లగా తోచును. మన ఊరి దిగుడుబావిలో ఉదయమున నీటిపై పొగలు లేచుట ఎల్లరు ఎరుగుదురు గదా! భూమిలో కొద్ది మీటర్ల లోతున ఎండవేడిమి గాని, చలి గాని చొరజాలవు. అక్కడి చల్లదనము, వెచ్చదనము ఏడాదికంతకు ఒక్కటే.

కనుక మహానందిలో పొయ్యి లేదు. ఈ మాట విని కొందరు భక్తులు చిన్నబుచ్చుకొందురని మాకు తెలియును. ఒక్క విషయము ఆలోచింపుడు. వానలు కురియని ఏడు మన చెరువులు నెఱ్ఱెలు విచ్చును. పాలంక వీరభద్రస్వామి సన్నిధిలో తొలి ఏకాదశి తిరునాళ్ళనాడు కొండచరియనుండి జాలువారు నీటిక్రింద దోసిలిపట్టి నిలుచు తల్లులను మనము చూచుచున్నాము; ఆ కొండధారకు వానకాలమున ఒక రూపము, వేసవియందు మరియొక రూపము. మహానందిలోని ఊట కరవు సంవత్సరములందును ఆగదు. కొండపై ఎప్పుడో పడిన వాన, రాతి చీలికలగుండ మెల్లమెల్లగా దిగి, ఎంతో కాలము లోపల నిలిచి, అక్కడ పైకి వచ్చుచున్నది. మనము స్నానముచేయునది ఈ సంవత్సరపు వాననీటితో కాదు. మార్కాపురము పలకల గనులను చూచినవారికి రాయి ఎట్లు పొరలుపొరలుగా చీలునో వేరుగా చెప్పనక్కరలేదు. నీరు ఆ సందులను వెదకుకొని పోవును.

ఇక నిజముగా వేడియైన నీటి సంగతి. భూమి లోనికి పోవుకొలది వేడి హెచ్చును. సాధారణముగా ఒక కిలోమీటరు లోతునకు 25 నుండి 30 డిగ్రీల వరకు హెచ్చునని చెప్పుదురు. కోలారు బంగారు గనులలో మన తెలుగువారును తరతరములు పనిచేసిరి. 2001లో మూతపడిన ఆ గనులు మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు పోయినవి. ఆ అడుగున రాతివేడి 60 డిగ్రీలు దాటినందున పైనుండి చల్లని గాలిని పంపనిదే మనిషి నిలువలేకపోయెడివాడు. అట్టి లోతులకు వాననీరు దిగినచో ఏమగును? కాగును. కాగిన నీరు తేలికయై పైకి రాజూచును. నేల సజావుగా ఉన్నచోట దానికి దారి దొరకదు. దొరకినను వచ్చుచు వచ్చుచు చల్లారిపోవును. ఎక్కడ భూమి లోతుగా బీటవారినదో, అక్కడ త్వరగా పైకెగసి, వేడి పోకముందే బయటపడును. అదియే ఉష్ణగుండము. మన దేశమున ఇట్టివి మూడువందలకు పైగా గుర్తింపబడినవి. అగ్నిపర్వతములున్న చోటనే వేడినీరు పుట్టునను మాట కొన్ని దేశములకు సరిపోవును గాని, మన దేశపు బుగ్గలలో అత్యధికము అగ్నిపర్వతము పొరుగున లేనివే.

తెలుగునేలపై ఇట్టి తీర్థము భద్రాచలమునకు సుమారు 5 కిలోమీటర్ల దూరమున గోదావరి ఒడ్డుననే ఉన్నది. ఆ ఊరిపేరు గుండాల. నది తగ్గినప్పుడు అక్కడి ఇసుకలో చెలమ తీసినచో వేడినీరు ఊరును. ఇందాక చెప్పిన రైలుస్టేషను పేరు కూడ చెలమయే. ఏటి ఇసుకలో నీటికొరకు త్రవ్వుకొను గుంటను మనవారు పిలుచు పేరది. మన గుండ్లకమ్మలో తీసిన చెలమ చల్లని నీరిచ్చును, గుండాలలోనిది వేడినీరిచ్చును. త్రవ్వు చేయి ఒక్కటే. త్రిమూర్తులు చలికాలమున ఇక్కడికి వచ్చి స్నానమాడుదురని స్థలమున చెప్పుకొందురు. గోదావరీ లోయ పొడుగునా భూమి పూర్వకాలమున చీలి క్రుంగినది. ఆ క్రుంగిన పల్లములోనే సింగరేణి బొగ్గు కూడ ఏర్పడినది. మణుగూరు దాపున పగిడేరులో బోరుబావినుండి వేడినీరు తనంత తాను పైకి వచ్చుచుండగా, దానితో విద్యుత్తు పుట్టించు 20 కిలోవాట్ల ప్రయోగకేంద్రమును సింగరేణి సంస్థ ఇటీవలి సంవత్సరములలో నెలకొల్పినది. శ్రీరామచంద్రుని దర్శనమునకు పోవు మనవారిలో గుండాలవరకు పోవువారు బహుకొద్దిమంది. ఈసారి పోయినప్పుడు చూచి రండి.

కొండలలోని ఉష్ణతీర్థమును గూర్చి చెప్పవలెనన్న మణికర్ణమును చెప్పవలెను. కాశీలోని మణికర్ణిక కాదు. హిమాచలప్రదేశ్‌లో కుల్లు పట్టణమునకు సుమారు 45 కిలోమీటర్ల దూరమున, పార్వతీనది ఒడ్డున, ఇరుకైన లోయలోనున్న చిన్న గ్రామము. అక్కడివారు మణికరణ్ అందురు. సముద్రమట్టమునకు 1,700 మీటర్లకు పైగా ఎత్తు. మన నల్లమలలో మిక్కిలి ఎత్తైన శిఖరములు 900 మీటర్లకు కొంచెము పైబడి మాత్రమే ఉండునని జ్ఞప్తియందుంచుకొన్నచో ఆ ఊరి ఎత్తు మనకు తెలియగలదు. ఒకప్రక్క మంచుకరగిన నది రాళ్ళను ఒరుసుకొనుచు ఘోషించుచుండును. దానిలో చేయి పెట్టినచో వ్రేళ్ళు కొంకర్లుపోవును. నాలుగడుగుల ఇవతల, అదే ఒడ్డున, నీరు కుతకుత ఉడుకుచు ఆవిరి చిమ్ముచుండును. మేము అక్కడ నిలిచి ఎడమచేతికి చన్నీరు, కుడిచేతికి ఆవిరి తగులుచుండగా చాలసేపు మాటలాడలేకపోతిమి.

అక్కడి స్థలపురాణము ఇది. పార్వతీపరమేశ్వరులు ఆ లోయ అందమునకు మెచ్చి పదునొకండువేల సంవత్సరములు అక్కడ నివసించిరి. ఒకనాడు జలక్రీడలో అమ్మవారి కర్ణాభరణపు మణి నీటిలో జారి పాతాళమునకు పోయెను. ప్రమథగణములు వెదకి తేలేకపోయిరి. పరమశివుడు కోపించి మూడవకన్ను తెరచుటతో లోకములు తల్లడిల్లెను. అప్పుడు ఆదిశేషుడు పాతాళమునుండి బుసకొట్టగా నీరు ఉడికి పైకెగసి, దానితోపాటు ఆ మణియు, మరి అనేక మణులును వెలికి వచ్చెను. కర్ణాభరణపు మణి పోయి దొరకిన చోటు కనుక మణికర్ణము. 1905లో వచ్చిన కాంగ్డా భూకంపమువరకు ఆ బుగ్గలనుండి మణులు వచ్చెడివని ఊరివారు చెప్పుదురు.

ఈ కథ వినగానే, మన పూర్వులు భూగర్భశాస్త్రమునంతయు శేషుని రూపమున దాచిరని చెప్పుటకు నోరు ఊరును. మేము ఆ పని చేయము. పురాణమును శాస్త్రమునకు సాక్షిగా బోనులో నిలుపుట దానికి గౌరవము కాదు. అయినను ఒక్కమాట. ఆ కథ చెప్పినవారు అక్కడి నీటిని శ్రద్ధగా చూచిరి. వేడి పైనుండి రాలేదనియు, నేలక్రిందినుండి వచ్చినదనియు, బుసకొట్టినట్లు ఆవిరితో వచ్చినదనియు వారు గమనించిరి. భూకంపమునకును, బుగ్గకును సంబంధమున్నదని ఊరివారు నేటికిని చెప్పుట కూడ ఊరకపోలేదు. హిమాలయములు ఇంకను పైకి లేచుచున్న పర్వతములు. ఆ ఒత్తిడిచేతనే అక్కడి రాళ్ళు లోతుగా బీటలువారుచున్నవి. ఆ బీటలగుండనే ఈ నీరు వచ్చుచున్నది. భూమి కదలినప్పుడు బీటలు మారును, ఒకచోట మూసుకొని మరియొకచోట తెరచుకొనును.

మణికర్ణమున వంట చూడవలసినదే. బియ్యమును, పప్పును గిన్నెలలో ఉంచి బుగ్గలోనికి దింపుదురు. యాత్రికులు గుడ్డమూటలో బియ్యము కట్టి వ్రేలాడదీయుదురు. అగ్గిపుల్ల లేకుండ అన్నము సిద్ధమగును. రఘునాథునకును, శివునకును అక్కడ ఆలయములు కలవు. గురునానక్ పేరున గొప్ప గురుద్వారము కలదు. గురుద్వారపు లంగరులో వచ్చినవారికెల్ల ఆ నీటితో వండిన అన్నమే పెట్టుదురు. మాతో వచ్చినవారిలో ఒకరు, నీరు కుతకుత ఉడుకుచున్నది గనుక 100 డిగ్రీలుండునని వాదించిరి. అది సరికాదు. ఎత్తునకు పోయినకొలది గాలి ఒత్తిడి తగ్గును. ఇంచుమించు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున నీరు మరుగు వేడి తగ్గును. మణికర్ణమున నీరు 94 డిగ్రీల ప్రాంతముననే మరుగును. యమునోత్రి ఇంకను ఎత్తు, 3,200 మీటర్లకు పైమాటే. అక్కడి సూర్యకుండమున బియ్యమును, ఆలుగడ్డలను గుడ్డలో కట్టి ఉడికించి అమ్మవారికి నివేదించి ప్రసాదముగా తెచ్చుకొందురు. బదరీనాథుని ఆలయము మెట్లక్రిందనున్న తప్తకుండము 45 డిగ్రీల ప్రాంతమున ఉండును గనుక అది స్నానమునకు. సూర్యకుండము స్నానమునకు కాదు. ఈ భేదము తెలియక చేయి కాల్చుకొన్నవారు కలరు.

స్నానమును గూర్చి కొంచెము. చలిలో మెట్లెక్కి అలసి వచ్చినవారు ఒక్కసారిగా వేడి గుండములోనికి దిగినచో రక్తనాళములు విచ్చుకొని రక్తపుపోటు పడిపోవును. కన్నులు చీకట్లు క్రమ్మును. మా యాత్రలో ఒక ముత్తైదువ అట్లే నీటిలోనే తూలిపడగా ప్రక్కవారు పట్టుకొనిరి. గుండెజబ్బు గలవారు, గర్భిణులు, వృద్ధులు చెంబుతో పోసుకొనుట చాలును. మధుమేహము గలవారికి పాదములలో స్పర్శ తగ్గియుండును గనుక వేడి తెలియక కాలును. వారు ముందుగా మోచేతితో చూచుకొనవలెను, లేదా ప్రక్కవారిచేత చూపించుకొనవలెను. మూడు మునకలు చాలును. ఎక్కువసేపు నిలిచినవారికి ఎక్కువ పుణ్యమని ఏ శాస్త్రమునను మేము చూడలేదు.

ఇక మొదట చెప్పిన రెండవ బాకీ.

ఆ యాత్రలో బస్సులో మేము ప్రవచనము చేయుచు, ఉష్ణతీర్థము సర్వరోగహరమని, అందులో లేని ఔషధము లేదని చెప్పితిమి. మాట ధాటిలో వచ్చినది. మన పడమటి ప్రాంతపు రైతు ఒకరు మాతోకూడ వచ్చిరి. ఏబది ఏండ్లకే మోకాళ్ళు వంగక, మెడ త్రిప్పలేక బాధపడుచున్న మనిషి. ఆయన మా మాట నమ్మి, హిమాలయపు బుగ్గనీటిని అయిదు లీటర్ల డబ్బాలు రెండింట నింపుకొని, భుజమున మోసికొని తెచ్చుకొనిరి. ఇంటికి వచ్చి ప్రతిదినము ఉదయము పరగడుపున ఒక గ్లాసు త్రాగసాగిరి. నెలదినముల తరువాత ఎదురుపడినప్పుడు ఆ సంగతి చెప్పి, “తమరు చెప్పినట్టే చేస్తున్నాను స్వామీ” అనిరి. మాకు నోట మాట రాలేదు.

ఎందువలననగా, నీరు లోతునకు దిగి, కాగి, చిరకాలము రాతితో కూడియుండుటచే ఆ రాతిలోని లవణములను కరగించుకొని పైకి తెచ్చును. చన్నీటికంటె వేడినీరు ఎక్కువగా కరగించుకొనును. ఉప్పు చల్లనినీటిలోకంటె కాగిన చారులో త్వరగా కరగుట ప్రతి గృహిణికి తెలిసినదే. గంధకము కరిగినచోట క్రుళ్ళిన గ్రుడ్డు వాసన వచ్చును. అట్టి నీటితో స్నానము కొన్ని చర్మవ్యాధులకు ఉపశమనము ఇచ్చుట నిజమే. అయితే మన దేశపు ఉష్ణగుండములలో చాలవాటియందు ఫ్లోరైడు కూడ త్రాగుటకు తగిన మితిని మించి ఉండును. లీటరునకు ఒక మిల్లీగ్రాము లోపల ఉండవలెననియు, వేరు నీరు దొరకనిచోట ఒకటిన్నర వరకు సహింపవచ్చుననియు మన దేశపు ప్రమాణము. దానికి వాసన లేదు, రుచి లేదు, రంగు లేదు.

ఆ ఫ్లోరైడు పేరు మన ప్రాంతమునకు క్రొత్త కాదు. పండ్లపై గార, వంగిన కాళ్ళు, బిగిసిన వెన్ను మన పల్లెలలో ఎన్ని ఇండ్లలో లేవు? ఈ వ్యాధిని మన దేశమున మొదట 1937లో మద్రాసు ప్రెసిడెన్సీ వైద్యులు వర్ణించి ప్రకటించిరి. వారు చూచిన రోగులు నాటి నెల్లూరు జిల్లావారు. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతములు 1970లో క్రొత్త జిల్లా ఏర్పడువరకు ఆ నెల్లూరు జిల్లాలోనివే. మన బోరునీటిలో ఫ్లోరైడు ఎట్లు వచ్చినదో, వేడి బుగ్గలోనికిని అట్లే వచ్చినది: రాయి, నీరు, కాలము. ఆ రైతు ఇంట దశాబ్దములుగా ఏ నీటివలన కీళ్ళు బిగిసినవో, అదే దోషము ఉండదగిన నీటిని మేము ఔషధమని చెప్పి త్రాగించితిమి. కాచి త్రాగినచో పోవుననుకొందురు. పోదు. సూక్ష్మజీవులు చచ్చును గాని, నీరు ఆవిరియై తగ్గినకొలది మిగిలినదానిలో ఫ్లోరైడు చిక్కబడును.

తీర్థము పుచ్చుకొను విధి మనకు పెద్దలు ఏర్పరచియే ఉంచిరి. ఉద్ధరిణెతో మూడుమారులు, అరచేతి గుంటలో పట్టునంత. గ్లాసుతో కాదు, చెంబుతో కాదు. ఆ మూడు ఉద్ధరిణెలు ఏ గుండమునుండి తెచ్చినవైనను, శుచిగా ఉన్నంతవరకు ఒంటికి హానిచేయవు. దప్పికకు మాత్రము వేరు నీరు. మా మాటలో జరిగిన పొరపాటు ఇక్కడనే: తీర్థమునకును త్రాగునీటికిని ఉన్న గీతను చెరిపివేసితిమి.

ఆ గుండములు ఎల్లకాలము ఉండునని తలచుట కూడ పొరపాటే. కేదారమునకు కాలినడకన పోవువారు మొదట గౌరీకుండమున తప్తజలములో మునిగి, ఆపైన కొండనెక్కుట ఆచారము. 2013 జూన్ 16, 17 తేదీల వరదలో మందాకిని పొంగి ఆ కుండమును రాళ్ళతో పూడ్చివేసినది. గౌరీదేవి తపస్సుచేసిన చోటని తరతరములుగా మ్రొక్కిన మెట్లు, గోడలు ఒక్క రాత్రిలో పోయినవి. వేడినీరు మాత్రము పూర్తిగా ఆగలేదు. శిథిలములక్రిందినుండి సన్నని ధారగా వచ్చుట తరువాత పోయిన యాత్రికులు చూచిరి. అంతకుముందు అక్కడ మునిగివచ్చిన మనవారు కొందరు నేటికిని ఆ నీటి వెచ్చదనమును తలచుకొని కన్నీరు పెట్టుకొందురు. మహానంది గుండములందు సబ్బు వాడరాదని, బట్టలు ఉతుకరాదని వ్రాసిన పలకలను చూచి విసుగుకొనువారు, అక్కడనుండి పోయిన నీరే దిగువ అరటితోటల రైతు కాలువలోనికి చేరునని కూడ తలపవలెను.

మేము ఆ రైతు ఇంటికి పోయి, అరుగుపై కూర్చుండి, పైన వ్రాసినదంతయు చెప్పి, మా మాట తప్పని ఒప్పుకొంటిమి. ఆయన చాలసేపు మాటలాడలేదు. తరువాత లోనికి పోయి, రెండవ డబ్బాలో మిగిలిన నీటిని తెచ్చి, “మరి దీన్ని పారబోయమంటారా?” అని అడిగిరి. పారబోయనక్కరలేదంటిమి. ఇప్పుడు అది వారి దేవుని గూటిలో రాగిచెంబునందు మూతపెట్టి ఉన్నది. పండుగనాడు ఉద్ధరిణెతో ఇంటిల్లిపాదికి ఇత్తురు. త్రాగునీటికి ఆయన మనుమరాలు ప్రతిదినము సైకిలుపై శుద్ధజలపు కేంద్రమునుండి క్యాను తెచ్చును. పొయ్యి ఎక్కడున్నదని అడిగిన పిల్ల ఆమెయే.